ముళ్లబుడిపెలో దొరికిన మందు

కెన్యా నల్లరేగడి మైదానాల్లో ఒక తుమ్మజాతి చెట్టు పెరుగుతుంది. మన నల్లతుమ్మకు దగ్గరి చుట్టం. దాని ముళ్లలో కొన్ని మొదలు దగ్గర బుడిపెల్లా ఉబ్బి, లోపల డొల్లగా ఉంటాయి. చీమలు ఆ బుడిపెలకు కంతలు పెట్టి కాపురం ఉంటాయి. ఆ చీమల్లో టెట్రాపొనెరా పెంజిగి అనే సన్నటి జాతి ఒకటి. దీనికి ఇంకో అలవాటు కూడా ఉంది, బుడిపె లోపల బూజు పెంచుతుంది. ఈ చీమల దగ్గర దొరికిన ఒక బ్యాక్టీరియాకు స్ట్రెప్టోమైసెస్ ఫార్మికే అని పేరు పెట్టారు. ప్రయోగశాల గుర్తు కేవై5. ఇంగ్లండులోని నారిచ్ నగరంలో మాట్ హచింగ్స్, బారీ విల్కిన్సన్ బృందాలు దాన్నుంచి తీసిన ఫార్మికామైసిన్లు అనే యాంటీబయాటిక్ కుటుంబం 2017లో ‘కెమికల్ సైన్స్’ పత్రికలో లోకానికి తెలిసింది. ఆసుపత్రుల్ని వణికించే ఎంఆర్ఎస్ఏ, వీఆర్ఈ అనే రెండు మొండి బ్యాక్టీరియాలనూ అవి చంపుతాయి.

ముల్లులోని చీమ దగ్గర్నుంచి సీసాలోని పొడి దాకా ఈ పని ఎలా సాగుతుందో వరసగా చూద్దాం. ఒక్కటి ముందే చెప్పాలి. చంపే బ్యాక్టీరియాను వెతికి పట్టుకోవడం ఇందులో సులువైన భాగం. దొరికినవాటిలో పాతవాటిని గుర్తుపట్టి పారేయడానికే ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు ఖర్చవుతాయి.

అసలు చీమ దాకా ఎందుకు వెళ్లాలి? మట్టి సరిపోదా? సరిపోయింది, చాలాకాలం. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మట్టి బ్యాక్టీరియా నుంచే వచ్చింది. ఆ తర్వాత కంపెనీలు ప్రపంచంలో ఏ మూల మట్టినీ వదలకుండా గాలించాయి. ఫలితం ఏమిటంటే, ఈ రోజు మట్టిలోంచి స్ట్రెప్టోమైసెస్ కోవకు చెందిన బ్యాక్టీరియాను పది రకాలు పట్టుకుంటే అందులో ఒకటి స్ట్రెప్టోత్రైసిన్ అనే పాత పదార్థాన్నే తయారుచేస్తుంటుంది. నూటికొకటి స్ట్రెప్టోమైసిన్ ఇస్తుంది. కొత్తది దొరకాలంటే ఎవరూ చెయ్యి పెట్టని చోటికి పోవాలి. కీటకం ఒళ్లు అలాంటి చోటు.

పైగా అక్కడున్న బ్యాక్టీరియాకు ఒక ఉద్యోగం ఉంది. మధ్య, దక్షిణ అమెరికాల్లో ఆకులు కత్తిరించుకుపోయే చీమలు ఆ ఆకుల మీద బూజు పండించి, ఆ బూజునే తింటాయి. ఆ పంటకు ఎస్కోవాప్సిస్ అనే మరో బూజు తెగులులా పడుతుంది. ఈ చీమల ఒంటి మీద కనిపించే తెల్లటి పూతను చాలాకాలం మైనం అనుకున్నారు. అది బతికున్న బ్యాక్టీరియా అనీ, తెగులును అణిచే పదార్థాన్ని తయారుచేస్తోందనీ కామెరాన్ క్యూరీ 1999లో చూపించాడు. యూరప్‌లో తేనెటీగల్ని వేటాడే ఒక కందిరీగ ఇంకా ఒక మెట్టు పైన ఉంది. తల్లి తన మీసాల్లోని ప్రత్యేక గ్రంథుల్లో స్ట్రెప్టోమైసెస్‌ను పెంచి, పిల్ల ఉండబోయే మట్టిగది లోపల దాన్ని పూస్తుంది. పిల్ల ఆ బ్యాక్టీరియాను తన పట్టుగూటి దారాల్లో కలుపుకుంటుంది. ఆ గూటి మీద తొమ్మిది రకాల యాంటీబయాటిక్ పదార్థాలు ఉన్నాయని మార్టిన్ కాల్టెన్‌పోత్ బృందం 2010లో లెక్క తేల్చింది. ఒకే మందు కాకుండా కొన్ని కలిపి వాడటం మన వైద్యులు క్షయకు చేసే పనే. కందిరీగ ఆ పని కోట్ల ఏళ్లుగా చేస్తోంది.

ఇక పనిలోకి దిగుదాం.

మొదట కావలసింది కాగితం. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం ప్రకారం ఒక దేశపు జీవ సంపదను ఆ దేశం అనుమతి లేకుండా, లాభంలో వాటా ఒప్పుకోకుండా పట్టుకుపోవడం కుదరదు. చీమ ఒంటి మీది బ్యాక్టీరియా కూడా జీవ సంపదే. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతులు చూస్తుంది. ఈ కాగితాలు విసుగనిపిస్తాయి గానీ, అవి లేకుండా దొరికిన మందును ఏ కంపెనీ ముట్టుకోదు.

తర్వాత సేకరణ. కొమ్మ మీది బుడిపెను ముల్లుతో సహా కత్తిరించి, కంతను మూసి, శుభ్రమైన గొట్టంలో వేస్తారు. కీటక శాస్త్రవేత్తకు చీమ దొరికితే సారాయిలో ముంచడం అలవాటు. ఇక్కడ అలా చేస్తే కావలసిన బ్యాక్టీరియా అంతా చచ్చిపోతుంది. అందుకని నాలుగైదు చీమల్ని మాత్రం జాతి గుర్తింపు కోసం సారాయిలో వేసి, మిగతావాటిని చల్లగా, ప్రాణంతో ప్రయోగశాలకు చేరుస్తారు. చిమటాను ప్రతి గూటికీ మధ్య మంటలో కాల్చి తీరాలి, లేకపోతే ఏ బ్యాక్టీరియా ఏ గూటిదో తేలదు.

ప్రయోగశాలలో ముందుగా వంట. స్ట్రెప్టోమైసెస్ జాతికి నచ్చే ఆహారం చాలా సాదాది. లీటరు కుళాయి నీటికి 20 గ్రాముల సోయా పిండి, 20 గ్రాముల మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థం, గట్టిపడటానికి 20 గ్రాముల అగర్. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పావుగంట ఉడికించాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. సోయా పిండిలో దాక్కున్న బ్యాక్టీరియా మొండి గింజలు మొదటి ఉడుకుకు చావకపోవచ్చు. చల్లారేటప్పుడు ఇందులో రెండు రకాల విషాలు కలుపుతారు: బూజుల్ని ఆపడానికి నిస్టాటిన్ లాంటిది, తొందరగా పెరిగే మామూలు బ్యాక్టీరియాను ఆపడానికి నాలిడిక్సిక్ ఆమ్లం. మనకు కావలసిన జాతి నెమ్మదిగా పెరుగుతుంది. పోటీ లేకుండా చూడకపోతే ప్లేటు మీద దానికి చోటు మిగలదు.

చీమల్ని శుభ్రమైన ఉప్పు ద్రావణంలో వేసి గట్టిగా కుదుపుతారు. ఒంటి మీదివి రాలి నీళ్లలోకి వస్తాయి. లోపలివి కూడా కావాలంటే చీమను నలుపుతారు. ఆ ద్రావణాన్ని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేసి ప్లేట్ల మీద పరిచి 30 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేస్తారు. రెండో రోజుకు జిగురు జిగురుగా మెరిసే మచ్చలు కనబడతాయి. కొత్తగా చేరిన విద్యార్థులు వాటినే చూసి సంబరపడతారు. అవి అక్కర్లేదు. వారం, ఒక్కోసారి రెండు మూడు వారాలు ఆగితే, అగర్‌ను గట్టిగా కరుచుకుని తోలులా బిరుసుగా, పైన సున్నపు పొడి చల్లినట్టుండే మచ్చలు లేస్తాయి. మూత తీస్తే తొలకరి వాసన వస్తుంది. వాన పడ్డ నేల నుంచి వచ్చే ఆ వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసేది ముఖ్యంగా ఈ జాతే. స్ట్రెప్టోమైసెస్ దొరికిందని ముక్కు ముందు చెబుతుంది, యంత్రం తర్వాత చెబుతుంది.

ఒక్కో మచ్చను విడిగా తీసి, కొత్త ప్లేటు మీద గీతలు గీసి, మళ్లీ విడి మచ్చ తీసి, కల్తీ లేదని తేలేదాకా ఇదే పని. ఆ పైన పొడిలా ఉన్న బీజాల్ని గోకి, గ్లిసరాల్‌లో కలిపి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు. గొట్టం మీద రాసిన గుర్తే ఇక దాని పేరు.

ఇప్పుడు కుస్తీ. ప్లేటు మధ్యలో మన బ్యాక్టీరియా బీజాల చుక్క ఒకటి పెట్టి వారం పది రోజులు పెరగనిస్తారు. అది తనకు తోచిన పదార్థాలన్నీ చుట్టూ ఉన్న అగర్‌లోకి వదులుతుంది. తర్వాత మెత్తటి అగర్‌ను కరిగించి, చెయ్యి పట్టేంత వేడికి రానిచ్చి, అందులో శత్రు బ్యాక్టీరియాను కలిపి పైన పల్చగా పోస్తారు. మరీ వేడిగా పోస్తే శత్రువు అగర్ వేడికే చచ్చి, దొంగ గెలుపు కనిపిస్తుంది. మర్నాటికి ప్లేటంతా శత్రువు మసకగా అలుముకుని, మధ్యలో మాత్రం ఖాళీ వలయం ఉంటే మనవాడు గెలిచినట్టు. శత్రువు ఎంఆర్ఎస్ఏ లాంటిదైతే ఈ పని మామూలు బల్ల మీద కుదరదు, రక్షణ ఏర్పాట్లున్న గది కావాలి. ఇంట్లో చేసి చూద్దామనే ఉత్సాహం ఎవరికైనా ఉంటే ఇక్కడితో ఆపెయ్యాలి.

ఈ కుస్తీని పెద్ద ఎత్తున చేసినవాళ్లు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్ వాళ్లు. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో 1,400కు పైగా కీటకాల నుంచి బ్యాక్టీరియా సేకరించి, 24 రకాల శత్రువుల మీద 50,000కు మించిన పోటీలు పెట్టారు. కీటకాల మీద దొరికిన స్ట్రెప్టోమైసెస్ మట్టిలో దొరికినవాటి కంటే మొండి శత్రువుల్ని మెరుగ్గా ఆపాయని 2019లో ప్రకటించారు. సగటు లెక్క అది. సగటు మంచిదైనంత మాత్రాన చేతిలో ఉన్న గొట్టంలో కొత్త మందు ఉందని కాదు.

వలయం కనిపించాక చాలామంది పత్రికల వాళ్లు వార్త రాసేస్తారు. పనిచేసేవాళ్లకు మాత్రం అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఆ వలయాన్ని గీసింది కొత్త పదార్థమా, తాతల నాటి పదార్థమా? ఆకులు కత్తిరించే చీమల మీది స్ట్రెప్టోమైసెస్‌ను రెండు వేర్వేరు బృందాలు పరిశీలిస్తే, ఇద్దరికీ దొరికింది క్యాండిసిడిన్ అనే పాత బూజు మందే. చీమకు అది ఉపయోగమే. మందు వెతికేవాడికి నెలల కష్టం కొట్టుకుపోయినట్టు. అందుకని ప్లేటులోని అగర్ ముక్క ఒకటి తీసి, రసం పిండి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి పంపుతారు. యంత్రం పదార్థాల్ని విడగొడుతుంది. దాని వెనక ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్కోదాని బరువు చెబుతుంది. ఆ బరువునూ, అది ఏ కాంతిని పీల్చుకుంటుందో ఆ వివరాన్నీ తెలిసిన వేలాది పదార్థాల పట్టికతో పోలుస్తారు. కలిస్తే గొట్టం మీద ఒక గీత కొట్టి పక్కన పెట్టడమే. ఇలా పక్కన పెట్టగలిగిన ప్రయోగశాలే ఈ రంగంలో నిలబడుతుందని నా అభిప్రాయం. దొరికిన ప్రతిదాన్నీ ముద్దు చేసుకునేవాళ్ల దగ్గర ఫ్రీజర్లు నిండుతాయి తప్ప మందు రాదు.

కేవై5 రసంలో కనిపించిన బరువులు పూర్తిగా అపరిచితాలు కావు. ఫాసామైసిన్లు అనే పదార్థాలు అంతకు ముందే మట్టిలోని డీఎన్ఏను నేరుగా తీసి చేసిన ప్రయోగాల్లో బయటపడ్డాయి. వాటికి దగ్గరివి ఇక్కడా ఉన్నాయి. కానీ వాటి పక్కనే, వాటి కంటే బలంగా పనిచేసే కొత్తవి కూడా కనిపించాయి. అవే ఫార్మికామైసిన్లు. మొదటి ప్రకటనలోనే ఫాసామైసిన్లు మూడు, ఫార్మికామైసిన్లు పదమూడు, మొత్తం 16 కొత్త అణువుల్ని వివరించారు.

ఈలోగా డీఎన్ఏ చదువుతారు. కేవై5 క్రోమోజోమ్ పొడవు సుమారు 96 లక్షల అక్షరాలు. పదార్థాల తయారీకి పనికొచ్చే జన్యువులు స్ట్రెప్టోమైసెస్‌లో చెల్లాచెదురుగా ఉండవు. ఒక్కో పదార్థానికి కావలసినవన్నీ ఒకేచోట గుంపుగా ఉంటాయి. కంప్యూటరు ప్రోగ్రామ్ ఆ గుంపుల్ని గుర్తుపడుతుంది. కేవై5లో అలాంటివి నలభైకి పైనే. ప్లేటు మీద పనిచేస్తూ కనిపించేవి వాటిలో కొన్నే, మిగతావి తమకు తగిన సంకేతం అందేదాకా మూసుకునే ఉంటాయి.

అణువు రూపం తెలియాలంటే మిల్లీగ్రాముల్లో సరుకు కావాలి. దానికి వందల ప్లేట్లు పోయాలి. పెరిగాక అగర్‌ను ముక్కలు కోసి, ఇథైల్ ఎసిటేట్‌లో నానబెడతారు. నెయిల్ పాలిష్ తీసే ద్రవాల్లో వాసన వేసేది చాలాసార్లు ఇదే. మందు నీటిని వదిలి ఈ ద్రావకంలోకి వస్తుంది. రోటావాప్ యంత్రంలో తక్కువ ఒత్తిడి దగ్గర ద్రావకాన్ని ఆవిరి చేస్తే సీసా అడుగున జిడ్డు లాంటిది మిగులుతుంది. దాన్ని మళ్లీ హెచ్‌పీఎల్‌సీలో భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగాన్నీ శత్రువు మీద వేసి చూసి, చంపిన భాగాన్ని మళ్లీ విడగొట్టి, చివరికి ఒక్క అణువు మాత్రమే ఉన్న పొడి దాకా రావాలి.

మాస్ స్పెక్ట్రోమీటర్ ఇక్కడ ఒక ముచ్చటైన సాక్ష్యం ఇస్తుంది. ప్రకృతిలో క్లోరిన్ రెండు బరువుల్లో ఉంటుంది, 35దీ 37దీ, దాదాపు మూడుకు ఒకటి పాళ్లలో. అందువల్ల అణువులో ఒక్క క్లోరిన్ ఉంటే తెరమీద పెద్ద గీత పక్కన దాని మూడోవంతు ఎత్తు గీత ఒకటి కనబడుతుంది. క్లోరిన్లు పెరిగేకొద్దీ గీతల వరస కూడా మారుతుంది. ఫార్మికామైసిన్లలో క్లోరిన్ దండిగా ఉంది. దాన్ని తగిలించేది ఒకే ఎంజైమ్, అది ఒక్కటే అణువులో నాలుగు చోట్ల దాకా క్లోరిన్ పెట్టగలదు. ఆహారంలో బ్రోమైడ్ ఉప్పు కలిపితే క్లోరిన్ బదులు బ్రోమిన్ కూడా తగిలిస్తుంది, దాంతో ఉచితంగా మరికొన్ని కొత్త అణువులు చేతికొస్తాయి.

రసాయనం తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక పాత పరిచయం తగులుతుంది. ఫార్మికామైసిన్ చట్రాన్ని బ్యాక్టీరియా ఎసిటేట్ తునకల్ని వరసగా అతికి, మడిచి, ఉంగరాలుగా బిగించి తయారుచేస్తుంది. టెట్రాసైక్లిన్ల తయారీ పద్ధతీ ఇదే కుటుంబానికి చెందింది. ఆ వరసలో మొదటిదైన ఆరియోమైసిన్‌లో కూడా ఒక క్లోరిన్ ఉంది. దాన్నిచ్చింది మరో స్ట్రెప్టోమైసెస్, బెంజమిన్ డుగ్గర్ 1945లో మిసోరీ మట్టి నుంచి పట్టుకున్నాడు. ఆ పని జరిగిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపిన డైరెక్టరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు 1948లో వెలుగు చూసింది, ఆ ఏడాదే ఆయన పోయారు. ఆ రోజుల్లో మట్టి నుంచి మందు దాకా మూడేళ్లు పట్టింది. ఇప్పుడు మూడేళ్లలో అణువు ఆకారం తేలితే గొప్ప.

ఆకారం చెప్పేది ఎన్ఎంఆర్ యంత్రం. పెద్ద అయస్కాంతంలో పొడిని పెట్టి, ఏ హైడ్రోజన్ ఏ కార్బన్ పక్కన ఉందో చూస్తారు. ఫార్మికామైసిన్ లాంటి అణువుల్లో హైడ్రోజన్లు తక్కువ, ఒకదానికొకటి అంటుకున్న కార్బన్లు ఎక్కువ. సాక్షులు తక్కువైన కేసు అన్నమాట. అలాంటప్పుడు బరువైన కార్బన్ ఉన్న ఎసిటేట్‌ను బ్యాక్టీరియాకు మేపి, ఏ తునక ఎక్కడ కూర్చుందో వెంబడిస్తారు.

ఆకారం తెలిసినా ఒక అనుమానం మిగులుతుంది. ఈ అణువును ఆ జన్యువుల గుంపే తయారుచేస్తోందని రుజువేమిటి? క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో గుంపు మొత్తాన్ని కత్తిరించేశారు. ఫార్మికామైసిన్ ఆగిపోయింది. గుంపును తిరిగి పెట్టారు. మళ్లీ వచ్చింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. గుంపు తీసేసిన కేవై5 కూడా లోమెంటోస్పోరా ప్రొలిఫికాన్స్ అనే భయంకరమైన, మందులకు లొంగని బూజును ఆపుతూనే ఉంది. అంటే ఆ పని చేస్తున్నది వేరే పదార్థం.

తర్వాత బలాబలాల లెక్క. 96 గుంటల ప్లేటులో మందును ఒక్కో గుంటకూ సగం చేసుకుంటూ పోయి, అన్నింట్లోనూ శత్రువును వేసి ఒక రాత్రి ఉంచుతారు. మసకబారకుండా తేటగా మిగిలిన చివరి గుంటలో ఎంత మందు ఉందో అదే కనీస మోతాదు. ఈ అంకె తక్కువైనంత మాత్రాన సంతోషించకూడదు. శత్రువును చంపలేని కొద్దిపాటి మోతాదులో పదేపదే పెంచి, అది ఎన్ని తరాలకు మందును తట్టుకోవడం నేర్చుకుంటుందో చూడాలి. ఎంఆర్ఎస్ఏను ఇరవై తరాల పాటు ఫార్మికామైసిన్‌తో కలిపి పెంచినా నిరోధం రాలేదు. నారిచ్ బృందం ప్రకటనలో నన్ను ఆకట్టుకున్నది ఈ ఒక్క వాక్యమే. ఇరవై తరాలంటే బ్యాక్టీరియాకు ఒకట్రెండు రోజుల ముచ్చట, నిజమే. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఏం జరుగుతుందో దీన్నిబట్టి చెప్పలేం. అయినా చాలా మందులు ఈ మాత్రం పరీక్షలోనే తప్పుతాయి.

ఇక దిగుబడి. అగర్ ప్లేట్ల మీద మందు తీసి ఏ దేశానికీ సరఫరా చేయలేం, పెద్ద తొట్లలో ద్రవంలో పెంచాలి. కేవై5 ద్రవంలో పెరుగుతుంది గానీ ఫార్మికామైసిన్ చెయ్యదు. ఎందుకో తెలుసుకోవడానికి ఆ గుంపులోని 24 జన్యువుల్ని ఏవి ఎప్పుడు పలుకుతున్నాయో ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఫర్‌జె అనే కాపలా జన్యువు మిగతావాటి నోరు నొక్కి పెడుతోందని తేలింది. దాన్ని తీసేస్తే ద్రవంలో కూడా తయారీ మొదలైంది, ముందు చూడని కొత్త అణువులు కూడా వచ్చాయి. దాన్ని తీసేసి, తయారీని మొదలుపెట్టే మరో జంట జన్యువుల్ని ఎక్కువగా పలికిస్తే దిగుబడి పదింతలైంది. 2021లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి ప్రకటన తర్వాత నాలుగేళ్లు.

ఇక్కడి నుంచి దారి ఎలుకల మీదుగా పోతుంది. మాడిసన్ బృందం బ్రెజిల్‌లోని బూజు పెంచే చీమ సైఫోమిర్మెక్స్ మీది స్ట్రెప్టోమైసెస్ నుంచి సైఫోమైసిన్ అనే అణువును తీసింది. అది ఆసుపత్రుల్లో బెడదగా మారిన క్యాండిడా ఆరిస్ అనే శిలీంధ్రాన్ని కూడా ప్లేటు మీద ఆపింది. క్యాండిడా సోకిన ఎలుకల్లో విషలక్షణాలు కనబడకుండా రోగాన్ని తగ్గించింది. కీటకం మీద మొదలైన పని బతికున్న జంతువు దాకా చేరిన ఉదాహరణ ఇది. ఆ తర్వాత మందు కాలేయాన్ని ఏం చేస్తుందో, రక్తంలో ఎంతసేపు నిలుస్తుందో, మాత్రగా ఇవ్వొచ్చా సూదిగానేనా అన్నవి తేలాలి, ఆపైన మనుషుల మీద మూడు దశల పరీక్షలు జరగాలి. ఫార్మికామైసిన్ గానీ సైఫోమైసిన్ గానీ ఇంకా మందుల షాపుకు రాలేదు.

ఆ దశల్లో సైన్సు కంటే లెక్కల పుస్తకం పెద్ద అడ్డంకి. బీపీ మాత్ర జీవితాంతం వాడతారు, యాంటీబయాటిక్ వారం వాడతారు. కొత్తదైతే నిరోధం రాకుండా అలమారలో దాచి, వేరే దారి లేనప్పుడే తీస్తారు. అది మంచి వైద్యం, అమ్మేవాడికి మాత్రం నష్టం. అమెరికాలో అకేవజెన్ అనే కంపెనీ ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు 2018 జూన్‌లో అనుమతి సంపాదించి, 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. చైనా మినహా మిగతా ప్రపంచానికి ఆ మందు హక్కుల్ని తర్వాత సిప్లా కొనుక్కుంది.